మునగాకు, మంచినూనె

మొన్న ఆదివారం పేపర్లో ఒక డాక్టరు గారు రాసిన వ్యాసం చదివాను. మనం తినే ఆకుకూరల్లో, పసుపులో, ఉసిరికాయలో సహజంగా ఉండే కొన్ని పదార్థాలు, గాలిలోనూ నీళ్లలోనూ కలిసి మన ఒంట్లోకి చేరే విషాల నుంచి కొంతవరకు కాపాడవచ్చునట. 'కాపాడవచ్చు' అనే రాశాడు, 'కాపాడతాయి' అని రాయలేదు. ఇంకా తేలవలసింది చాలా ఉందనీ, ఇవి తింటున్నాం కదా అని మిగతా జాగ్రత్తలు మానకూడదనీ చివర్లో రెండుసార్లు చెప్పాడు. మంచివాడు. పేపరు మడిచి పక్కన పెట్టాను. మళ్లీ తీశాను. మళ్లీ పెట్టాను. లేచి వీధి చివరిదాకా వెళ్లి వచ్చాను. "ఏమైంది మీకు, కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నారు" అంది మా ఆవిడ. ఏం లేదన్నాను. ఉన్న సంగతి చెప్పాలంటే అరవై ఏళ్ల వెనక్కి వెళ్లాలి. ఆ సంగతి మా ఆవిడకు కూడా ఇంతవరకు చెప్పలేదు.

అప్పుడు నేను గ్రామసేవకుణ్ని. కొడవలూరు దగ్గర ఒక ఊళ్లో ఉద్యోగం. ఒక సైకిలు, ఒక గుడ్డసంచి, ఇరవైమూడేళ్ల వయసు. ఆ వయసులో మనిషికి తెలియనిదంటూ ఉండదు. పైరుకు పురుగు పడితే ఏ మందు కొట్టాలో, ఎంత కలపాలో రైతులకు చెప్పడం నా పని. మందులు అప్పుడప్పుడే ఊళ్లలోకి వస్తున్నాయి. నన్ను చూస్తే పెద్ద పెద్ద రైతులు కూడా అరుగు మీద చోటిచ్చేవాళ్లు. ఆ చోటు నాకు బాగా తలకెక్కింది.

ఆమెను ఊరంతా పెద్దమ్మ అనేది. అసలు పేరు నాకు తెలుసు గాని రాయను. ఆమె మనవలు ఇప్పటికీ అక్కడే ఉన్నారు. అప్పటికి యాభై దాటి ఉంటాయి. నాలుగెకరాల మాగాణి, నెమ్మదస్తుడైన మొగుడు. సన్నగా, పొడుగ్గా ఉండేది. ఒకచోట నిలబడి మాట్లాడగా నేను చూడలేదు. ఒడిలో మునగరెమ్మలు పోసుకుని, ఆకు దూస్తూ, నడుస్తూ, నడుస్తూనే మనల్ని ప్రశ్నలు అడిగేది. జవాబు కావాలంటే మనం కూడా వెంట నడవాలి. సైకిలు తోసుకుంటూ ఆమె వెనక గట్ల మీద ఎన్ని మైళ్లు తిరిగానో లెక్కలేదు. నాకు ఒళ్లు మండేది. గవర్నమెంటు మనిషిని, నన్ను ఇలా తిప్పుతుందేమిటని.

ఆమెకు ఒక పిచ్చి ఉండేది. ఒంట్లోకి చెడ్డది పోయే పని ఎవరు చేస్తున్నా, వాళ్లకు ముందుగా ఏదో ఒకటి తినిపించాలి. బుచ్చిరెడ్డిపాలెం రైసుమిల్లులో పనిచేసి ఊక దుమ్ముతో దగ్గుతూ వచ్చేవాళ్లకు బెల్లం గడ్డ. కట్టెపొయ్యి ముందు పొద్దంతా కూర్చునే ఆడవాళ్లకు ఉసిరికాయ. మందు కొట్టేవాళ్లకు మునగాకు.

"చెడ్డది లోపలికి పొయ్యేలోగా మంచిది పొయ్యి కూసోవాల నాయనా. రైల్లో సీటు మాదిరి. ముందు మంచిది కూసుంటే చెడ్డది నిలబడి నిలబడి దిగిపోతాది" అనేది.

"దిగకపోతే?" అన్నాను ఒకసారి.

"అదే నేనూ చూస్తుండా" అంది. ఆకు దూయడం ఆపలేదు.

నేను ఆ ఊరికి రాకముందు, యాభైల చివర్లో, మలేరియా వాళ్లు వచ్చి ఇళ్లలో గోడలకు డీడీటీ కొట్టి వెళ్లారట. ఆ కథ నాకు కనీసం పదిసార్లు చెప్పి ఉంటుంది.

"గోడలకు కొట్టిన మందుకు మా పిల్లి సచ్చిపోయింది. మేం బతికినాం. ఎందుకో చెప్పు."

"మీరు గోడకు ఒళ్లు రాసుకుని ఆ ఒళ్లు నాక్కోలేదు కాబట్టి" అన్నాను.

ఆమె నవ్వలేదు. "అదీ నిజమేననుకో. అయినా, మేం ఆకు తిన్నాం. పిల్లి తినలా" అంది.

నేను మాత్రం పడీపడీ నవ్వాను. బ్లాకాఫీసులో మా వాళ్లకు ఈ పిల్లి కథ చెప్పి వాళ్లనూ నవ్వించాను. అంత తెలివిగలవాణ్ని.

ఊళ్లో నలుగురు మనుషులు ఒక జట్టుగా మందు కొట్టే పని పట్టారు. అందులో పెంచలయ్య అనేవాడు పెద్ద పనిమంతుడు. గట్టి మనిషి, నోరు ఊరుకోదు. ఎవరి చేలోకి వెళ్లే దినమైనా సరే, ఈ నలుగురూ తెల్లవారగానే పెద్దమ్మ పంచలోకి వచ్చి తిని వెళ్లాలి. అది ఆమె పెట్టిన రూలు. పెసరపప్పులో వేసి వండిన మునగాకు, దండిగా పసుపు, పొట్టు తీయని వెల్లుల్లి, ఉసిరికాయ ఊరగాయ. "కూలికి పోతుండామా, పెళ్లికి పోతుండామా పెద్దమ్మా" అనేవాడు పెంచలయ్య. అంటూనే రెండోసారి పెట్టించుకునేవాడు.

ఊరికే పెట్టి ఊరుకునే మనిషి కాదు. వాళ్లు తిరిగొచ్చేసరికి కాలవగట్టు మీద ఉండేది. కళ్లు మండినయ్యా? తల తిరిగిందా? వాంతికి వచ్చిందా? ఒక్కొక్కణ్నీ అడిగేది. తినకుండా పోయినవాణ్ని ఇంకో నాలుగు మాటలు ఎక్కువ అడిగేది. మధ్యాహ్నం సముద్రపు గాలి లేచే లోపల పని ముగించేయాలని కేకలు వేసేది. ఆ గాలికి మందంతా మొహాన కొడుతుందని ఆమెకు ఎవరూ చెప్పలేదు. చూసి తెలుసుకుంది.

"పెంచలయ్య తినకుండా పోయిన దినం తలనొప్పన్నాడు. తిన్న దినం అనలా. రాసుకో" అని నాతో అంది ఒకరోజు.

"ఖాళీ కడుపుతో ఎండలో నిలబడితే ఎవరికైనా తలనొప్పి వస్తుందమ్మా. అది ఆకు మహిమ కాదు, అన్నం మహిమ" అన్నాను.

నాలుగడుగులు నడిచి ఆగింది. ఆమె ఆగడం చూడటం నాకు అదే మొదటిసారి. "అయ్యుండొచ్చు. అదెట్టా తెలుసుకోవాల?" అంది. నిజంగానే అడిగింది. నేను చేతి గడియారం చూసుకుని సైకిలెక్కాను. ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది. ఆ ఊరు మొత్తం మీద అడగవలసిన ప్రశ్న అడిగిన మనిషి ఆమె ఒక్కతే. చదువుకున్నవాణ్ని నేను, టైము చూసుకున్నాను.

మంచినూనె సంగతి చెప్పాలి. మా వైపు నువ్వుల నూనెను మంచినూనె అంటారు. మొదట్లో వచ్చింది పొడిమందు. గుడ్డలో కట్టి పైరు మీద దులిపేవాళ్లు. చేతులకూ కాళ్లకూ అంటుకుని ఒకటే దురద. పెద్దమ్మ చూసింది. పనసకాయ కోసేవాళ్లు జిగురు అంటకుండా చేతికి నూనె రాసుకుంటారు కదా, ఇదీ అంతే అనుకుంది. నలుగురికీ మోచేతుల దాకా, మోకాళ్ల దాకా మంచినూనె పూసి పంపింది. దురద పోయింది. వాళ్లు సంతోషించారు. నేనూ సంతోషించాను. బ్లాకు మీటింగులో లేచి, నూనె పూసుకుంటే పొడిమందు అంటదని గొప్పగా చెప్పాను. ఆఫీసరు గారు మెచ్చుకున్నారు. ఎవరి ఆలోచన అని అడగలేదు, నేనూ చెప్పలేదు.

మరుసటి ఏడు ఎండ్రిన్ వచ్చింది. డబ్బాల్లో నీళ్లమందు. ఆ ఏడు మా వైపు మొలగొలుకుల వరి ఏపుగా ఉంది, పురుగూ అంతే ఏపుగా ఉంది. డబ్బాతో పాటు ఇంగ్లీషులో ఒక కాగితం ఇచ్చారు. చీమకాళ్లంత అక్షరాలు. ఎన్ని నీళ్లకు ఎంత మందు అన్నంత వరకు చదివి, మిగతాది తర్వాత చూద్దాంలే అని మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాను.

ఆ ఉదయం నేను పెద్దమ్మ పంచలోనే ఉన్నాను. నలుగురూ తిన్నారు. చేతులు కడుక్కున్నారు. ఆమె నూనె గిన్నె తెచ్చింది. తెచ్చి, పూయకుండా నా వైపు చూసింది.

"ఇది కొత్త మందు గదా నాయనా. దీనికీ నూనె పుయ్యొచ్చునా?"

నాకు తెలియదు. కాగితం జేబులోనే ఉంది. తీసి చదవడానికి ఐదు నిమిషాలు పడుతుంది. కాని నలుగురు కూలివాళ్ల ముందు, ఒక ఆడమనిషి అడిగితే, గవర్నమెంటు మనిషి కాగితం తీసి వెతుక్కుంటాడా?

"పుయ్యొచ్చమ్మా. ఏమీ కాదు" అన్నాను.

పెంచలయ్యకు అందరికంటే ఎక్కువ పూసింది. మందు కొట్టే పంపును వీపున తగిలించుకునేది వాడే. పంపు కారితే ఆ మందు ముందు వాడి మీదే పడుతుందని, మెడకూ వీపుకూ కూడా పూసింది.

పది గంటల పొద్దులో పొలం నుంచి కేకలు వినిపించాయి. పంపు కారింది. పెంచలయ్య గట్టు మీద పడి కొట్టుకుంటున్నాడు. పళ్లు గిట్టకరిచాడు. కళ్లు తేలేశాడు. అందరూ కలిసి మోసుకొచ్చి పెద్దమ్మ పంచలోనే దించారు. ఎవరో విరుగుడని పాలు తెచ్చారు. ఇంకొకరు ఆముదం పట్టించమన్నారు. నాకు అప్పుడు జేబులో కాగితం గుర్తొచ్చింది. తీసి విప్పాను. మిగతాది తర్వాత చూద్దామనుకున్న చోట ఉంది. ఒంటికి నూనె తగలనివ్వకూడదు. నూనె ఉంటే మందు చర్మంలోంచి త్వరగా దిగుతుంది. మీద పడితే వెంటనే సబ్బుతో కడగాలి. పాలు, నూనె, నెయ్యి తాగించకూడదు.

నేను పాలగ్లాసును చేత్తో కొట్టాను. సబ్బు, సబ్బు అని అరిచాను. సారుకు మతిపోయిందనుకున్నారు జనం. పెద్దమ్మ మాత్రం ఏమీ అడగలేదు. చాకలి సబ్బు బిళ్ల తెచ్చి, బిందెలకు బిందెలు పోయించి, తాను పూసిన నూనెను తానే తోమి తోమి కడిగింది. రోడ్డు మీద లారీని ఆపి, వాణ్ని నెల్లూరు పెద్దాసుపత్రికి తీసుకుపోయాం. వాడి పెళ్లాం, పెద్దమ్మ, నేను.

అక్కడ డాక్టరు వాడి మెడ దగ్గర వేలితో రాసి వాసన చూశాడు. "నూనె. ఎవరు పూశారు?" అన్నాడు మా ముగ్గురినీ చూసి.

"నేను పూసినానయ్యా" అంది పెద్దమ్మ.

"ఎవరు చెప్పారమ్మా నీకు?"

ఆమె నా వైపు చూడలేదు. చూసి ఉంటే చెప్పేవాణ్నేమో. "నాకే తోచింది" అంది. అది నిజమే, పోయినేటి సంగతి. ఆ ఉదయం సంగతి మాత్రం నాది. డాక్టరు ఆమెను నానా మాటలూ అన్నాడు. పెంచలయ్య పెళ్లాం వింటూ నిలబడింది. నేనూ వింటూనే నిలబడ్డాను.

పెంచలయ్య బతికాడు. ఇంటికి వచ్చాక కూడా కొన్నాళ్లు ఉన్నట్టుండి ఒళ్లు అదిరేది. ఊరికి నూనెకూ ఆకుకూ తేడా ఏముంది? 'ఆకు పెడతా, ఆకు పెడతా అని ప్రాణం మీదికి తెచ్చింది' అన్నారు. ఆ మాట అన్నవాళ్లలో ఆమె బెల్లం తిన్నవాళ్లూ ఉన్నారు. మిగిలిన ముగ్గురూ ఆ పంచ తొక్కడం మానేశారు. పొద్దున్నే ఖాళీ కడుపుతో, ఒక బీడీ కాల్చుకుని మందు కొట్టడానికి వెళ్లేవాళ్లు. పెద్దమ్మ కూడా తనను తాను నమ్మడం మానేసింది. పెరట్లో మునగచెట్టు ముదిరిపోయింది, ఎవరూ కోసేవాళ్లు లేరు. ఇంట్లో మొగుడికి కూడా వండలేదట.

కాని నడక మానలేదు. రోజూ పొద్దున్నే పెంచలయ్య ఇంటిముందుకు పోయి, గడప తొక్కకుండా, "లేచినాడా?" అని అడిగేది. వాడి పెళ్లాం పలికేది కాదు. అక్కడే అటూ ఇటూ తిరిగి, వాడి దగ్గో, వాడి గొంతో వినపడ్డాక వెళ్లిపోయేది. నేను సైకిలు మీద అటు పోవడం మానేసి చుట్టుదారి పట్టాను, అయినా దూరం నుంచి ఆమె కనపడేది. కాగితం జేబులోంచి సంచిలోకి, సంచిలోంచి పెట్టెలోకి మార్చాను. చెబితే ఉద్యోగం పోతుందని భయం. చెప్పకపోతే ఏం పోతుందో రోజూ పొద్దున్నే కనిపిస్తూనే ఉంది. నాలుగు నెలలు అలా గడిచాయి. కావలికి బదిలీ అయింది. పీడా వదిలిందనుకున్నాను. సామాను కట్టుకుంటుంటే పెట్టె అడుగున ఆ కాగితం బయటపడింది. నిలబడలేకపోయాను. అది తీసుకుని మధ్యాహ్నం ఎండలోనే ఆమె ఇంటికి పోయాను.

అంతా చెప్పాను. కాగితంలో ముక్క ముక్కా తెలుగులో చదివి వినిపించాను. "ఇంకోసారి చదువు" అంది. చదివాను. ఇది ఆ పొద్దు నీ దగ్గరే ఉండిందా అని అడిగింది. నా జేబులోనే ఉందన్నాను. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండుననుకున్నాను.

"పా" అని లేచింది.

"ఎక్కడికి?"

"పెంచలయ్య దగ్గరికి. నాకొక్కదానికి చెప్పి పోతే ఎట్టా?"

ముందు ఆమె, వెనక నేను. ఆమె నడకను అందుకోలేక రొప్పాను. పెంచలయ్య నులకమంచం మీద ఉన్నాడు. పెళ్లాం చేటలో బియ్యం చెరుగుతోంది. ఆ ఇద్దరి ముందు నిలబడి మళ్లీ మొత్తం చెప్పాను.

పెంచలయ్య కాసేపు పైకప్పు చూశాడు. "అయితే మీరిద్దరూ కలిసి నన్ను చంపబోయినారన్నమాట. నేనింకా పెద్దమ్మ ఒక్కతే అనుకుంటుండానే" అని నవ్వాడు. వాడి పెళ్లాం నవ్వలేదు. చేట కింద పెట్టి నన్ను అడిగింది.

"ఇన్నాళ్లు ఈమె మా ఇంటి ముందర వచ్చి నిలబడి పోతుంటే నువ్వు చూస్తానే ఉండావు గదా సారూ. ఎట్టా చూసినావు?"

ఆవిడ లేచి వెళ్లి పెద్దమ్మ చెయ్యి పట్టుకుని గడప లోపలికి తీసుకుపోయింది. ఇద్దరూ ఏడ్చారు. నేను బయట వేపపుల్ల తుంచుతూ, పారేస్తూ, మళ్లీ తుంచుతూ నిలబడ్డాను.

తిరిగి వస్తుంటే కాలవగట్టు మీద పెద్దమ్మ అడిగింది.

"ఆ కాగితంలో నూనె సంగతి రాసినారు. ఆకు సంగతి రాసినారా?"

"లేదమ్మా."

"మంచిదనీ రాయలా? చెడ్డదనీ రాయలా?"

"రాయలేదు."

"వాడు ఆ పొద్దు రెండుసార్లు పెట్టించుకోని తిన్నాడు. ఆ ఆకు వాడికేమన్నా మేలు చేసిందా, నేను ఉత్తపుణ్యానికి ఇన్నేండ్లు వండినానా? నేను మళ్లీ పొయ్యి మీద పెట్టొచ్చునా? నువ్వు చదువుకున్నోడివి. చెప్పు నాయనా."

ఆమె నడవడం ఆపి నా మొహంలోకి చూస్తోంది. మేలు చేసే ఉంటుందమ్మా అందామని నోటిదాకా వచ్చింది. అంటే ఆమె ప్రాణం ఎంత తేలికపడేదో నాకు తెలుసు. రేపు ఈపాటికి నేను కావలిలో ఉంటాను, అడిగేవాడు లేడు. మింగేశాను.

"నాకు తెలియదమ్మా" అన్నాను.

ఆమె తలూపింది, లెక్క సరిపోయినట్టు.

"ఈ మాట ఆ పొద్దే అనుంటే నేను నూనెగిన్నె లోపల పెట్టేసుందును గదా నాయనా" అంది.

కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే ఈపాటికి మరిచిపోయి ఉండేవాణ్ని.